హైబ్రిడ్ ఆఫీసు బాగోగులు మీ నెత్తిన పడితే ఎలా నడపాలి

ఒక మనిషి గంట ప్రయాణం చేసి ఆఫీసుకొచ్చి, ఓ మూల సీట్లో కూర్చుని, హెడ్‌ఫోన్స్ తగిలించుకుని, ఇళ్ళలో ఉన్న తన టీమ్‌తో సాయంత్రం దాకా వీడియో కాల్స్ మాట్లాడి, మళ్ళీ గంట ప్రయాణం చేసి ఇంటికెళ్ళాడనుకోండి. దారిలో అతనికొచ్చే ఆలోచన ఒకటే, ఈమాత్రం దానికి ఇంతదూరం ఎందుకొచ్చినట్టు అని. కొన్నిరోజులు ఆఫీసు, కొన్నిరోజులు ఇల్లు అనే ఈ హైబ్రిడ్ పద్ధతిలో ఆ ఆలోచన ఎవరికీ రాకుండా చూడటమే మీ ఉద్యోగం. మీ కార్డు మీద ఎంప్లాయీ ఎక్స్‌పీరియన్స్ అని ఉన్నా, వర్క్‌ప్లేస్ కోఆర్డినేటర్ అని ఉన్నా, అసలు పేరంటూ ఏమీ లేకుండా "ఇది కాస్త నువ్వు చూసుకో" అని అప్పగించేసినా సరే, పని మాత్రం అదే.

ఈ పని మొదలుపెట్టిన కొత్తలో నేను అందరూ చేసే తప్పే చేశాను. ఓ పెద్ద పార్టీ తలపెట్టి నాలుగు వారాలు దానిమీదే కూర్చున్నాను. బాగానే జరిగింది, ఫోటోలు కూడా బాగా వచ్చాయి. తర్వాత పంపిన సర్వేలో ఒకరు రాసింది మాత్రం ఇప్పటికీ గుర్తుంది: "పార్టీ బాగుంది. పెద్ద మీటింగ్ రూమ్‌లో మైక్ పనిచేయక నెల దాటింది, అది కూడా ఎవరైనా చూస్తే బాగుండు." ఆ రోజు నుంచి నా వరస మారిపోయింది. ముందు చిరాకులు తీసేయాలి, సరదాలు ఆ తర్వాత. కింద చెప్పేవన్నీ ఆ వరసలోనే ఉంటాయి.

1. ముందు తలలు లెక్కపెట్టండి

ఎవరు ఎప్పుడొస్తున్నారో తెలియకుండా ఏ నిర్ణయమూ తీసుకోకండి. కనీసం నాలుగు వారాల లెక్క కావాలి. తలుపు దగ్గర కార్డు గీసి లోపలికొచ్చే లెక్క, అంటే ఎంట్రీ స్వైప్ డేటా ఉంటే తీసుకోండి, కానీ దాన్నొక్కదాన్నే నమ్ముకోవద్దు, ఎందుకంటే పొద్దున స్వైప్ చేసి మధ్యాహ్నానికి వెళ్ళిపోయేవాళ్ళుంటారు, ఒకరి వెనకాల ఒకరు తలుపు పట్టుకుని నలుగురు లోపలికొచ్చేసేవాళ్ళూ ఉంటారు. అందుకే రోజుకి రెండుసార్లు, పదకొండింటికోసారి మూడింటికోసారి, మీరే ఓ చుట్టు తిరిగి ఎన్ని సీట్లు నిండాయో, ఎన్ని రూముల్లో ఒక్కరే కూర్చున్నారో రాసుకోండి. పదిహేను నిమిషాల పని.

సగటు చూసి మోసపోవద్దు. వందమంది ఉన్న కంపెనీలో రోజుకి సగటున 42 మంది వస్తున్నారనుకుందాం. వినడానికి యాభై సీట్లు చాలనిపిస్తుంది. విప్పి చూస్తే మంగళవారం 71 మంది, శుక్రవారం 12 మంది. యాభై సీట్లతో మంగళవారం ఇరవై ఒక్కమంది నిలబడాలి. ఒక్కసారి సీటు దొరక్కపోతే ఆ మనిషి మళ్ళీ వారం రమ్మంటే ఓ సాకు చెబుతాడు, అందులో తప్పు కూడా లేదు. కాబట్టి సీట్లకీ, కాఫీకీ, క్లీనింగ్‌కీ, అన్నిటికీ లెక్క వారంలో ఎక్కువ రద్దీ ఉండే రోజుదే, పైన ఇంకాస్త వెసులుబాటు వేసుకోండి. శుక్రవారానికి వేరే లెక్క: ఒక ఫ్లోర్ మూసేసి వచ్చిన పన్నెండుమందినీ ఒకేచోట కూర్చోబెడితే వాళ్ళకీ ఆఫీసులో ఉన్నట్టుంటుంది, కరెంటూ మిగులుతుంది.

ఇక్కడే ఓ గట్టి మాట. స్వైప్ డేటా తలల లెక్కకే వాడతాం, పేర్లు చూడటానికి కాదు అని రాతపూర్వకంగా అందరికీ చెప్పండి, చెప్పాక దానిమీద నిలబడండి. ఏదో ఒకరోజు ఒక మేనేజర్ మీ దగ్గరికొచ్చి "మా వాళ్ళలో ఎవరు రావట్లేదో కాస్త లిస్టు ఇవ్వు" అంటారు. ఇవ్వకండి, హెచ్‌ఆర్‌తో మాట్లాడమని మర్యాదగా చెప్పండి. ఒక్కసారి ఆ లిస్టు మీ చేతి మీదుగా వెళ్ళిందంటే, ఆ తర్వాత మీకు ఎవరూ మనసు విప్పి ఏదీ చెప్పరు.

2. ఎవరు ఏ రోజు రావాలో టీములతో కలిసి తేల్చండి

ఎవరికి నచ్చిన రోజు వాళ్ళు రావొచ్చు అంటే స్వేచ్ఛ లాగే ఉంటుంది. అమల్లో జరిగేది ఏంటంటే ఒకే టీములో అయిదుగురు అయిదు వేర్వేరు రోజుల్లో వచ్చి, ఒకరి మొహం ఒకరు చూసుకోకుండా వెళ్ళిపోతారు.

దీనిమీద నాకు నచ్చిన పరిశోధన ఒకటుంది. స్టాన్‌ఫర్డ్ ఆర్థికవేత్త నికొలస్ బ్లూమ్, ఆయన సహచరులు ట్రిప్.కామ్ అనే ప్రయాణాల బుకింగ్ కంపెనీలో 1,612 మంది మీద 2021-22లో ఆరునెలలు ప్రయోగం చేశారు. పుట్టిన తేదీ బేసి సంఖ్య అయితే వారంలో బుధ, శుక్రవారాలు ఇంటినుంచి పనిచేయొచ్చు, సరి సంఖ్య అయితే అన్నిరోజులూ ఆఫీసే. ఫలితాలు 2024లో నేచర్ అనే సైన్స్ పత్రికలో వచ్చాయి: హైబ్రిడ్ వాళ్ళలో ఉద్యోగం మానేసేవాళ్ళు మూడోవంతు తగ్గారు, పనితీరు రేటింగుల్లో, ప్రమోషన్లలో తేడా కనబడలేదు. చాలామంది దీన్ని "ఇంటినుంచి పని మంచిదే" అని మాత్రమే చదువుతారు. నాకు కనబడిన అసలు విషయం ఇంకోటి, ఇంట్లో ఉండే రోజులు ముందే ఖాయం. అంటే ఆఫీసుకొచ్చే రోజులు కూడా ఖాయమే, వస్తే మనుషులు దొరుకుతారు.

మీరు చేయాల్సింది: ప్రతి టీమ్ లీడ్‌తో అరగంట కూర్చుని, ఏ పని పక్కపక్కన కూర్చుంటేనే బాగా సాగుతుంది, ఆ పనికి ఏ ఇతర టీమ్ కావాలి అని అడగండి. ఆ రెండు టీములకీ కనీసం ఒకరోజు కలిసేలా చూడండి. అందరూ మంగళవారమే అడుగుతారు, తప్పదు. అప్పుడు మీ తలల లెక్క బల్లమీద పెట్టి, గురువారానికి ఎవరు జరుగుతారో వాళ్ళనే తేల్చుకోమనండి. ఎప్పుడూ ఒకే టీమ్ సర్దుకోవాల్సి రాకుండా ఆరునెలలకోసారి మార్చండి. పిల్లల్ని, పెద్దవాళ్ళని చూసుకునేవాళ్ళకి మార్పు నెల ముందే తెలియాలి. వారం ముందు చెప్పడమంటే చెప్పనట్టే.

కూర్చోబెట్టడంలో కూడా లెక్కుంది. అమెరికాలోని ఎంఐటీ యూనివర్సిటీలో థామస్ అలెన్ అనే ఆయన 1970లలోనే ఇంజనీర్ల మీద పరిశీలించి చెప్పాడు, ఇద్దరి డెస్కుల మధ్య దూరం పెరిగేకొద్దీ వాళ్ళ మాటలు గబగబా తగ్గిపోతాయి, యాభై మీటర్లు దాటాక దాదాపు మాట్లాడుకోరు. వేర్వేరు ఫ్లోర్లు అయితే ఇక చెప్పనే అక్కర్లేదు. కాబట్టి డెస్క్ బుకింగ్ యాప్ పెట్టినా, ఎవరు ఎక్కడైనా అని వదిలేయకుండా, ఈ వరస ఈ టీమ్‌ది అని ఖాయంచేసి ఆ వరసలో సీటు వాళ్ళిష్టం అనండి.

3. ప్రతి సీట్లో ఒకసారి కూర్చోండి

నిజంగానే. ఓ శుక్రవారం ఖాళీగా ఉన్నప్పుడు లాప్‌టాప్ పట్టుకుని ప్రతి డెస్క్ దగ్గరా కూర్చుని ప్లగ్ పెట్టండి, మానిటర్ వెలుగుతోందా, కుర్చీ పైకీ కిందకీ కదులుతోందా, ఏసీ గాలి నేరుగా మెడమీద కొడుతోందా, మధ్యాహ్నం మూడింటికి కిటికీ వెలుగు తెరమీద పడుతోందా చూడండి. నేను మొదటిసారి చేసినప్పుడు అరవై సీట్లలో పదకొండింటికి ఏదో ఒక జబ్బుంది, అందులో ఒక్కదాని గురించి కూడా ఎవరూ చెప్పలేదు. చెప్పరు. ఆ సీటు వదిలేసి పక్క సీటుకి వెళ్ళిపోతారు అంతే.

ప్రతి ఫ్లోర్‌లో ఒక డ్రాయర్ పెట్టి అందులో చార్జర్లు, టైప్-సి అడాప్టర్లు, హెచ్‌డీఎంఐ వైర్లు, మౌస్ బ్యాటరీలు, నొప్పి తగ్గే బామ్, శానిటరీ ప్యాడ్లు ఉంచండి (ప్యాడ్లు వాష్‌రూమ్‌లో కూడా ఉండాలి, అడిగి తీసుకునేలా పెడితే పెట్టీ లాభంలేదు). అడాప్టర్లకి కాళ్ళొస్తాయి, మీటింగ్ రూముల్లో వాటిని బల్లకి కట్టేయండి. సొంత డెస్కులు తీసేసిన ఆఫీసయితే లాకర్లు తప్పనిసరి, లేకపోతే కీబోర్డు, చెప్పులు, నీళ్ళ సీసా అన్నీ రోజూ మోసుకు తిరగాలి.

ఫిర్యాదులకి ఒకే ఒక్క చోటు పెట్టండి. స్లాక్ యాప్‌లో చానలో, మైక్రోసాఫ్ట్ టీమ్స్ యాప్‌లో గ్రూపో, ఓ ఫారమో, ఏదో ఒకటే. వచ్చిన ప్రతిదానికీ అదేరోజు "చూశాను" అని జవాబివ్వండి, బాగయ్యాక "అయింది" అని మళ్ళీ రాయండి. బాగుచేయలేకపోతే ఎందుకో చెప్పండి. రెండుసార్లు జవాబు రాకపోతే మూడోసారి రాసేవాడు ఉండడు, మీకేమో ఫిర్యాదుల్లేవు, అంతా బాగుంది అనిపిస్తుంది. అది చాలా ప్రమాదకరమైన నిశ్శబ్దం.

4. మీటింగ్ రూములు: అసలు గొడవంతా ఇక్కడే

డబ్బు కొంచెమే ఉంటే కెమెరా మీద కాదు, మైక్ మీద పెట్టండి. బొమ్మ మసకగా ఉన్నా ఇంట్లో ఉన్నవాళ్ళు సర్దుకుంటారు, మాట వినబడకపోతే పదినిమిషాలకి మెయిల్స్ చూసుకోవడం మొదలుపెడతారు. కొన్నాక పరీక్షించే పద్ధతి: మీరు ఇంట్లో ఉండి కాల్‌లోకి వెళ్ళి, రూమ్‌లో ఉన్నవాళ్ళని బల్ల చివర, కిటికీ దగ్గర, తలుపు దగ్గర కూర్చుని మామూలు గొంతుతో మాట్లాడమనండి. రూమ్‌లో కూర్చుని పరీక్షిస్తే ఎప్పుడూ పాసే.

పరికరాలు ఎంత మంచివైనా ఒక పని మాత్రం మనిషే చేయాలి. అంటే రూమ్‌లో ఉన్నవాళ్ళలో ఒకరు చాట్ చూస్తూ, చెయ్యెత్తినవాళ్ళని పిలుస్తూ, "ఇందాక మీరేదో అనబోయారు" అని గుర్తుచేస్తూ ఉండాలి. ఈ పని వంతులవారీగా తిప్పండి, లేకపోతే అందరి పనీ అయి చివరికి ఎవరి పనీ కాకుండా పోతుంది. ఇంకా ఘోరమైనది మీటింగ్ అయిపోయాక కాల్ కట్‌చేసి, రూమ్‌లో వాళ్ళు ఇంకో పదినిమిషాలు మాట్లాడుకుని అసలు నిర్ణయం అప్పుడు తీసుకోవడం. దీన్ని మీరు ఆపలేరు. కానీ "కాల్ తర్వాత తేలిందేదైనా ఆ మీటింగ్ మెసేజుల థ్రెడ్‌లో రాయాలి" అనే నియమం లీడర్ల చేత ఒప్పించగలరు.

రూములు దొరకట్లేదన్న గొడవ వస్తే కొత్త రూములు కట్టించే ముందు క్యాలెండర్ తవ్వండి. ఎప్పుడో మానేసి వెళ్ళిపోయినవాళ్ళ పేరుమీద ప్రతివారం రిపీట్ అయ్యే బుకింగులు దొరుకుతాయి, నేనయితే ఏడాది క్రితం వెళ్ళిపోయినాయన పేరుమీద రెండు చూశాను. పదినిమిషాల్లో ఎవరూ చెక్-ఇన్ చేయకపోతే రూమ్ దానంతటదే ఖాళీ అయ్యేలా సెట్టింగ్ పెట్టించండి. తర్వాత పన్నెండు కుర్చీల రూమ్‌లో ఒక్కరే కూర్చుని కాల్ మాట్లాడుతుంటే ఆయన్ని తిట్టకండి, ఆయనకి వేరే చోటు లేదు. ఒక్కరే కూర్చుని కాల్ మాట్లాడుకునే చిన్న గదులు, అంటే ఫోన్ బూత్‌లు పెట్టలేకపోతే చిన్న స్టోర్‌రూమ్ ఒకటి ఖాళీచేసి తలుపు, లైటు, గాలి చూసి ఇచ్చినా చాలు.

గాలి అంటే గుర్తొచ్చింది. మధ్యాహ్నం మీటింగుల్లో అందరూ తూలుతుంటే భోజనాన్ని అనే ముందు కార్బన్ డయాక్సైడ్ మీటర్ ఒకటి పెట్టి చూడండి. బయటి గాలిలో దాదాపు 420 పీపీఎం (పది లక్షల్లో 420 వంతులు) ఉంటుంది, మూసిన చిన్న రూమ్‌లో ఆరుగురు కూర్చుంటే అది వెయ్యి దాటడానికి ఎంతోసేపు పట్టదు. వెయ్యి దాటిందంటే తాజా గాలి సరిగా రావట్లేదని అర్థం.

మధ్యలో గోడలు లేని ఓపెన్ ఆఫీసు పెడితే మాటలు పెరుగుతాయనే నమ్మకం చాలామంది బాసులకుంది. 2018లో వచ్చిన ఓ పరిశోధనలో హార్వర్డ్‌కి చెందిన ఈథన్ బెర్న్‌స్టీన్, స్టీఫెన్ టర్బన్ రెండు కంపెనీల్లో సెన్సార్లు పెట్టి కొలిస్తే, గోడలు తీసేశాక ఎదురెదురుగా మాట్లాడుకోవడం సుమారు 70 శాతం తగ్గింది, మెయిళ్ళు, మెసేజులు పెరిగాయి. అందరూ వింటున్నారనిపిస్తే మనిషి నోరు విప్పడు మరి. కాబట్టి మాట్లాడుకునే వైపు ఒకటి, నిశ్శబ్దంగా ఉండే వైపు ఒకటి విడదీయండి. నిశ్శబ్దం వైపు కాల్స్ వద్దు అనే బోర్డు పెట్టి, ఆ నియమం డైరెక్టర్లకి కూడా వర్తించేలా చూడండి. ఒక్క డైరెక్టర్ అక్కడ కాల్ మాట్లాడితే బోర్డు పనికిరాకుండా పోయినట్టే.

5. ఎవరూ పట్టించుకోని భద్రత

ఇది చిన్నదే కానీ వదలకండి. ఫైర్ వార్డెన్లుగా (మంటలొస్తే అందరినీ బయటికి నడిపించేవాళ్ళు), ఫస్ట్ ఎయిడ్ తెలిసినవాళ్ళుగా పేర్లు రాసి గోడమీద అంటించి ఉంటారు కదా, ఆ నలుగురూ ఇవాళ ఇంటినుంచి పనిచేస్తుంటే? హైబ్రిడ్‌లో ఇది మామూలే. ప్రతిరోజూ ప్రతి ఫ్లోర్‌లో కనీసం ఒకరుండేలా అంతకు రెట్టింపు మందికి శిక్షణ ఇప్పించి, వాళ్ళు వచ్చే రోజుల లిస్టు మీ దగ్గర పెట్టుకోండి. డ్రిల్ ఎప్పుడూ రద్దీ రోజునే కాదు, ఒకసారి ఖాళీ రోజున కూడా చేయండి. ఆఖరున ఒక్కరే మిగిలిపోయే సాయంత్రాలకి సెక్యూరిటీ వాళ్ళు ఒకసారి పలకరించి వెళ్ళే ఏర్పాటు ఉండాలి.

6. కొత్తగా చేరినవాళ్ళు

వీళ్ళ విషయంలో చేసే తప్పు ఏడాది దాకా వెంటాడుతుంది. చేరడానికి వారం ముందే లాప్‌టాప్ వాళ్ళింట్లోనో డెస్క్ మీదో ఉండాలి, లాగిన్‌లు పనిచేస్తున్నాయని ఐటీ టీమ్ చేత ముందురోజు పరీక్ష చేయించాలి. మొదటిరోజు టీమ్ మొత్తం ఆఫీసులో ఉండే రోజే అవ్వాలి. వారం మొదటిరోజని హెచ్‌ఆర్ ఎప్పుడూ సోమవారమే పెడుతుంది, ఆ రోజు ఆఫీసు ఖాళీ, కొత్తమనిషి రిసెప్షన్‌లో కూర్చుని గోడలు చూస్తుంటాడు. మీ రద్దీ రోజు మంగళవారమైతే చేరేది కూడా మంగళవారమే అని పోట్లాడి మార్పించండి.

బడ్డీ ఒకరిని ఇవ్వండి, మేనేజర్ కాకుండా, అదే హోదాలో ఉన్నవాళ్ళని. బడ్డీకి ఏంచేయాలో ఓ కాగితం మీద రాసివ్వండి, "చూసుకో" అంటే ఎవరూ ఏమీ చూడరు: మొదటి వారం రోజూ ఒకసారి, తర్వాత నెలంతా వారానికి రెండుసార్లు పలకరించాలి, తెలివితక్కువ ప్రశ్నలనిపించేవి తననే అడగమనాలి, మొదటి మధ్యాహ్నం భోజనానికి తోడు కూర్చోవాలి.

ఇంటినుంచే చేరేవాళ్ళకి ఇంకో అడుగు ఎక్కువ. 2020 మొదటి ఆరునెలల్లో మైక్రోసాఫ్ట్‌లో 61,182 మంది డేటా చూస్తే, కోవిడ్ వల్ల అందరూ ఇంటినుంచి పనికి మారాక సొంత గుంపులో మాటలు బిగుసుకున్నాయి, గుంపుకీ గుంపుకీ మధ్య ఉండే వంతెనలు సన్నబడ్డాయి. పాతవాళ్ళకే ఇలా అయితే, ఆ వంతెనలు అసలు వేసుకోని కొత్తమనిషి సంగతి చూడండి. అందుకని మొదటి నెలలోనే తన టీమ్ బయటివాళ్ళు ముగ్గురితో ఇరవైనిమిషాల కాల్స్ మీరే క్యాలెండర్‌లో పెట్టేయండి. "నీకు నచ్చినవాళ్ళతో మాట్లాడుకో" అంటే మొహమాటంతో ఎవరినీ పిలవరు.

నెలకి, రెండు నెలలకి, మూడు నెలలకి మీరే పలకరించండి. "అంతా బాగానే ఉందా" అని మాత్రం అడక్కండి, బాగానే ఉంది అంటారు. "ఈ వారం ఎవర్ని అడగాలో తెలియక ఏ పని ఆగిపోయింది?" అని అడగండి. నాకు వచ్చిన పనికొచ్చే సమాచారంలో సగం ఈ ఒక్క ప్రశ్నకి వచ్చిన జవాబులే.

7. ఇప్పుడు సరదాలు

చిరాకులు తగ్గాయనుకున్నాక ఇటు రండి. పెద్ద కార్యక్రమం ఏడాదికి ఒకటి రెండు చాలు, చిన్నవి తరచుగా ఉండాలి. పని వేళల్లో పెట్టండి, సాయంత్రం ఏడింటికి పెడితే ఇంట్లో బాధ్యతలున్నవాళ్ళు ప్రతిసారీ మిస్సవుతారు, వచ్చేవాళ్ళు ఎప్పుడూ ఆ పదిమందే అవుతారు. రానివాళ్ళని ఎందుకు రాలేదని అడగొద్దు. ఎవరు ఏం తినరో రిజిస్ట్రేషన్‌లోనే అడగండి, మందు మధ్యలో పెట్టి దానిచుట్టూ కార్యక్రమం అల్లకండి, ఫోటోలు పెట్టేముందు ఒప్పుకోలు తీసుకోండి.

ఇంట్లో ఉన్నవాళ్ళని కలపడం గురించి నా అభిప్రాయం కాస్త కటువుగా ఉంటుంది. ఇరవైమంది కేక్ తింటుంటే బల్ల చివర లాప్‌టాప్ పెట్టి అందులో నలుగురిని చూపించడం కన్నా వాళ్ళని పిలవకపోవడమే మర్యాద. కలిపితే పూర్తిగా కలపండి, అందరూ ఎవరి తెర ముందు వాళ్ళు కూర్చునే ఆటలాంటిది పెట్టండి. లేదంటే వాళ్ళకి వేరే బడ్జెట్ ఇచ్చి, దగ్గర్లో ఉన్న ఇద్దరు ముగ్గురు కలుసుకోవడానికి వాడుకోమనండి. దూరంగా ఉన్నవాళ్ళకి పార్సిల్ పంపేదైతే వేరే దేశాలకి కస్టమ్స్ వల్ల ఎన్నాళ్ళు పడుతుందో ముందే కనుక్కుని ఆ లెక్కన పంపండి, అందరి పార్సిల్ విప్పాక నెలకి చేరే బహుమతి బాధే పెడుతుంది.

8. అడగండి, అడిగాక చెప్పండి

మూడు నెలలకోసారి అయిదు ప్రశ్నలు చాలు. ఆఫీసుకొచ్చిన రోజు వచ్చినందుకు లాభమనిపించిందా, సీటు, రూమ్ దొరికాయా, ఇంట్లో ఉన్న రోజు మీటింగుల్లో మీ మాట వినబడిందా, ఎవర్ని అడగాలో తెలుస్తోందా, ఒక్కటి మార్చమంటే ఏం మారుస్తారు. పేర్లు వద్దు అన్నాక నిజంగానే వద్దు, అయిదుగురికన్నా తక్కువ ఉన్న టీమ్ ఫలితాలు విడిగా చూపించకండి, ఎవరు రాశారో ఇట్టే తెలిసిపోతుంది. రెండు వారాల్లోపు ఒక పేజీ రాయండి: ఇవి చేస్తున్నాం, ఫలానా తేదీకి, ఇవి చేయట్లేదు, ఎందుకంటే ఇదీ. చేయనివాటికి కారణం రాసిన పేజీనే జనం ఎక్కువ నమ్ముతారు.

9. అన్నీ రాసిపెట్టి, సెలవు పెట్టండి

ఈ పనిలో ఉన్నవాళ్ళ బుర్రలో ఉన్నంత సమాచారం ఇంకెక్కడా ఉండదు. ప్రింటర్‌వాళ్ళ నంబరు, కాఫీ మెషిన్ ఎప్పుడు మొరాయిస్తుంది, ఏ ఇన్‌వాయిస్ ఎవరు సంతకం పెట్టాలి, స్పేర్ తాళాలు ఎక్కడున్నాయి, వెళ్ళిపోయేవాళ్ళ దగ్గర లాప్‌టాప్, కార్డు ఎలా వెనక్కి తీసుకోవాలి, అన్నీ ఒకే డాక్యుమెంట్‌లో పెట్టండి. తర్వాత మూడురోజులు సెలవు తీసుకోండి, అందులో ఒకటి రద్దీ రోజు అవ్వాలి. అర్జంటు తప్ప ఫోన్ ఎత్తకండి. ఎవరెవరు ఎందుకు చేశారో మిస్డ్ కాల్స్, మెసేజులు చూసి రాసుకోండి. తిరిగొచ్చాక డాక్యుమెంట్‌లో చేర్చాల్సిన లిస్టు అదే.